విప్పి కట్టిన ఇల్లు

"ఆ అంకెలు చెరపకు కెజియా!" నిచ్చెన మీంచి అరిచాడు ఎలైహు.

కెజియా చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. అమెరికాలో తిరుగుబాటు గెలిచింది. ఇంగ్లండు రాజు పక్షాన నిలిచారని ఊరివాళ్లు తరిమేస్తే, మొగుడూ పెళ్లాలిద్దరూ తమ చెక్క ఇంటిని పలకపలకా విప్పి, బొగ్గుతో అంకెలేసి, ఓడలో ఈ ఏటి ఒడ్డుకు తెచ్చుకున్నారు.

"ఇల్లు నిలబడిందిగా, ఇంకా ఈ మసెందుకయ్యా? ఇదిగో, ఇనప మేకులు పట్టు."

"వద్దు. చెక్క మేకులివ్వు."

"చోద్యం! ఇనపవి పెట్టుకుని చెక్కవెందుకు?"

"ఇనపవి దిగ్గొడితే, మళ్లీ విప్పేటప్పుడు పలకలు చీలిపోతాయి."

"మళ్లీనా? ఈ ఏరే సరిహద్దు, ఇవతలంతా మన రాజుదేనన్నావుగా!"

"అసలు సరిహద్దు ఇది కాదు, మన వెనకాల ఉన్న ఇంకో ఏరని ఆ అమెరికా వాళ్ల వాదన. పొద్దున్నే నేల కొలిచే గొలుసులతో అవతల దిగారు."

అవతలి ఒడ్డున పొగ లేస్తోంది. కెజియా కడుపులో బిడ్డ కదిలింది.

ఆమె తడిగుడ్డ పక్కన పడేసింది. పొయ్యిలోంచి బొగ్గుముక్క తెచ్చి, అప్పటికే తుడిచేసిన అంకెలన్నీ మళ్లీ దిద్దింది. తర్వాత మూలకు నడిచి, ఈ ఒడ్డు చెక్కతోనే ఎలైహు కొత్తగా చేసిన ఉయ్యాల మీద కూడా ఒక అంకె వేసింది.