ఊ కొట్టే పరీక్ష

“ఊ కొట్టెతందుకు డిగ్రీ ఎందుకే?” చిక్కుడుకాయలు వలుస్తూ నవ్వింది అమ్మ.

“రేపు సైకాలజీ ప్రాక్టికల్ పరీక్షమ్మా. ఎవరన్న బాధ చెప్పుకుంటే ఎదురు చెప్పద్దు, సలహా ఇయ్యద్దు, ఉత్తగ ఇనాలె. నీ బాధేదన్న చెప్పు, నేర్చుకుంట.”

“ఏమన్నా ఎదురు చెప్పవా?”

“చెప్ప.”

అమ్మ కళ్లు మెరిశాయి. చాట ఒళ్లో సర్దుకుని కూర్చుంది.

“నాకొక బిడ్డ ఉన్నది, మంజుల. పొద్దెక్కేదాంక లేవది.”

పళ్లు బిగబట్టి “ఊ” అన్నాను.

“అది చాయ్ పెడితే పిల్లి గూడ మూతి పెట్టది.”

“అమ్మా, మొన్న నువ్వే...”

“ఎదురు చెప్పనంటివి గద?”

“ఊ.”

“సాతంరాయి ఊర్ల ఉండే దాని మేనమామ కొత్త ఎయిర్‌పోర్టుల నౌకరి చూసిండు. చదువు బంద్ చేసి పొమ్మని రోజూ మొత్తుకుంటున్న. ఇనదు.”

ఇంట్లో రోజూ గొడవ ఆ మాట మీదే. జవాబులన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేసి “ఊ” అన్నాను.

అమ్మ తల వంచుకుని చాటలోకి చూసింది.

“పొమ్మనేది నా నోరే. లోపల ఒకటే భయం. నా పోరు పడలేక, ఏదో ఒకనాడు సరేనమ్మా అని నిజంగనే బంద్ చేస్తదేమోనని.”

నేను అమ్మ పక్కకు జరిగాను.

అమ్మ తలెత్తి కసిరింది.

“ఊ కొట్టవేందే? రేపు ఫెయిలైతవ్!”