సిమెంట్ కట్టు మీద లిఫ్ట్

రిజిస్ట్రార్ ఆఫీసు పదో అంతస్తులో ఉంది. పెళ్లికొడుకేమో కింద, లిఫ్ట్ గుమ్మంలో చెమటలు కక్కుతున్నాడు.

ఆరడుగుల ఫుట్‌బాల్ కోచ్. మైదానంలో ఎవరడ్డొచ్చినా తోసుకుంటూ పోయే మనిషి. లిఫ్ట్ అంటే మాత్రం హడల్. ఈసారి మెట్లెక్కి వెళ్లి పెళ్లి చేసుకుందామనుకున్నాడు మహానుభావుడు. కిందటి వారం పిల్లలకి గోల్ ఎలా కొట్టాలో చూపించబోయి గోల్‌పోస్టునే తన్నాడు. ఇప్పుడు కుడికాలికి మోకాలిదాకా సిమెంట్ కట్టు, చంకలో కర్ర.

పక్కన పెళ్లికూతురు. కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్.

"కిందటిసారి సరిగ్గా ఇక్కణ్ణుంచే పారిపోయావు. ఈసారీ పారిపోయావంటే పెళ్లీ లేదు, గిళ్లీ లేదు. ఆపైన నీ ఇష్టం."

కోచ్ కుంటుకుంటూ లోపలికెళ్లాడు. లిఫ్ట్ తలుపులు మూసుకున్నాయి. ఆయనగారి కళ్లూ మూసుకున్నాయి. నెత్తిమీద ఫ్యాన్ గుయ్‌మంది.

"అయిపోయింది! తీగ తెగుతుంది. నాకు తెలుసు!"

"తెగదు. లెక్క కట్టి చూపిస్తా. అటూ ఇటూ చూడకు, నీ కాలి వంకే చూడు."

ఆమె గొంతుక్కూర్చుని, సంచిలోంచి మార్కర్ తీసి, సిమెంట్ కట్టు మీద ఒక డబ్బా గీసింది.

"దీన్ని ఫ్రీ బాడీ డయాగ్రమ్ అంటారు."

"ఫ్రీ బాడీయా? ఈ కాలుతోనా?"

"నోర్మూసుకుని విను. ఈ డబ్బానే లిఫ్ట్. మనతో కలిపి వెయ్యి కిలోలనుకో. కిందికో బాణం, అది బరువు. పదివేల న్యూటన్లు. పైకో బాణం, అది తీగ పైకి లాగే బలం, టెన్షన్. వేగం మారనంతసేపూ రెండూ సరిసమానం. లెక్క తేలిపోయింది."

"మరి నా కాళ్లు బరువెక్కుతున్నాయే!"

"సిమెంట్ కట్టు బరువుగా ఉండక దూదిలా ఉంటుందా?"

"చెవులు కూడా మూసుకుపోతున్నాయి!"

"నా తిట్లు వినపడుతున్నాయిగా. చాలు."

ఫోన్ మోగింది. సాక్షి సంతకానికి వచ్చి పైన కూర్చున్న ఆమె చెల్లెలు. "ఎక్కడున్నారే అక్కా? రిజిస్ట్రార్ టిఫిన్ డబ్బా సర్దేసుకుంటున్నాడు!"

"లిఫ్ట్‌లోనే ఉన్నామే. ఆయన్ని కాస్త కబుర్లలో పెట్టు."

కోచ్ ఒక కన్ను తెరిచి బాణాల వంక చూశాడు. "ఇప్పుడు వేగం మారుతోందా?"

"రవ్వంత కూడా లేదు."

"నిజమేనే! కుదుపే తెలీడం లేదు."

"బయల్దేరేటప్పుడు మాత్రం పై బాణం కాస్త పొడుగవుతుంది. మహా అయితే ఇంకో వెయ్యి. ఈ తీగలు లక్షకైనా జంకవు."

"ఆ గండం గడిచిపోయిందిగా?"

లెక్చరర్ తల వంచుకుని బాణానికి ముక్కు దిద్దింది. భుజాలు మాత్రం అదురుతున్నాయి.

కోచ్ రెండో కన్ను కూడా తెరిచాడు. ఊపిరి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. గుండె దడ తగ్గింది.

"ఓసి నీ దుంపతెగ! ఇంతేనా? దీనికా నేను ఇన్నేళ్లూ హడలి చచ్చింది?"

సంతోషం పట్టలేక కర్ర వదిలేసి ఒంటికాలిమీద గెంతాడు. లిఫ్ట్ గోడలు దడదడలాడాయి. కాబోయే పెళ్లాన్ని నడుం పట్టుకుని గిర్రున ఒక చుట్టు తిప్పాడు. ఇద్దరూ పడబోయి, గోడకి కొట్టుకుని, పొట్టచెక్కలయ్యేలా నవ్వారు.

"ఇక నాకు భయం లేదు! పదో అంతస్తు ఏం ఖర్మ, యాభయ్యో అంతస్తుకైనా సరే!"

"ఒట్టు?"

"ఒట్టు!"

"తీరా మాట మార్చవుగా?"

"నన్నేమనుకున్నావోయ్! ఇదిగో, రెండు కళ్లూ తెరిచే నిలబడతా."

ఆ మాట కోసమే కాచుక్కూర్చున్న లెక్చరర్, లిఫ్ట్ ఎక్కాక మొట్టమొదటిసారిగా చెయ్యి చాచి, పదో అంతస్తు బటన్ నొక్కింది.