గైడుగారి ఉత్తరం

జర్మనీ ల్యాబు గడువు శుక్రవారం సాయంత్రం. బుధవారం అయిపోయింది. గైడుగారి సంతకంతో వెళ్లాల్సిన సిఫార్సు ఉత్తరానికి ఇంకా దిక్కులేదు.

సత్యశ్రీకి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. సిస్టమ్స్ బయాలజీలో పోస్ట్‌డాక్ రీసెర్చ్ ఉద్యోగం కోసం నాలుగేళ్లుగా అప్లికేషన్లు పెడుతూనే ఉంది. పదకొండు చోట్ల నుంచి ఒకటే జవాబు, చాలా మర్యాదగా. పీహెచ్‌డీ వచ్చి అయిదేళ్లు దాటితే ఇక ఎవరూ అప్లికేషన్ ముట్టుకోరు. ఆ అయిదేళ్లూ వచ్చే జూన్‌తో సరి. రాజమండ్రిలో ఆమె పాఠాలు చెబుతున్న కాలేజీలో బయోమెడికల్ బ్రాంచికి ఈ ఏడాది తొమ్మిది మందే చేరారు. మే దాటితే ఆ బ్రాంచీ ఉండదు, ఆమె ఉద్యోగమూ ఉండదు. చదివిన చదువంతా గోదాట్లో కలిసినట్టే.

తన గురించి తాను చెప్పుకోవడం ఆమెకి బొత్తిగా చేతకాదు. చేసిన రీసెర్చ్ గురించి రెండు పేజీలు రాయమంటే, ముప్పావు పేజీ నింపేసరికే సిగ్గుతో చచ్చిపోయింది. అంచేత ఆశంతా గైడుగారి ఉత్తరం మీదే. శిష్యురాలి సత్తా గురువు నోట వస్తే ఆ విలువే వేరు.

పీహెచ్‌డీ గైడు మాధవరాజు గారు భీమవరంలో ప్రొఫెసరు. మంచివారు, కోపమన్నది ఎరగరు. కాకపోతే ఆయనకి నలభై ఎకరాల రొయ్యల చెరువులున్నాయి, వాటికేమో వైట్‌స్పాట్ తెగులు సోకింది. కాలేజీకి రెండుసార్లు వెళితే రెండుసార్లూ లేరు. ఫోన్ చేస్తే, నీకెందుకమ్మా కంగారు, నేనున్నాను కదా అన్నారు.

గురువారం సెలవు పెట్టి, నిడదవోలులో ప్యాసింజరెక్కి, ఏకంగా చెరువు గట్టుకే వెళ్లింది. ఆయన్ని చూడగానే ఏడుపు ఆగలేదు.

"ఇదే ఆఖరిదండి సార్. ఇది కూడా పోతే నేనింక ఎందుకూ పనికిరానండి."

మాధవరాజు గారు గాభరాపడిపోయారు. అక్కడికక్కడే కారు బానెట్ మీద ఉత్తరం మూడు పేజీలకీ సంతకాలు చేసి, స్టాంపు వేసిచ్చారు. కొబ్బరినీళ్లు తాగితేగానీ కదలనివ్వలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నెట్ సెంటర్లో స్కాన్ చేయించి పంపింది. పంపాక ఆ మూడు పేజీలూ ఇంకోసారి చదువుకుంది. ఆమె పడ్డ కష్టమూ, చేసిన పనీ, ఇకముందు చేయాలనుకున్నదీ అన్నీ అందులో ఉన్నాయి. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. ఈసారి వచ్చితీరుతుందని మొదటిసారి నమ్మింది.

నలభై రోజులకి ఇద్దరి పేరునా జవాబొచ్చింది.

ఆమె అప్లికేషన్ సామాన్యంగా ఉందట. సిఫార్సు ఉత్తరం చదివి మాత్రం ల్యాబంతా ఆశ్చర్యపోయిందట. ఏ లాకు మూస్తే ఏ చేను ఎండుతుందో కాలువలు చూసి చెప్పినట్టు, ఏ జన్యువు ఆగితే కాలేయంలో ఏ కణం చస్తుందో ముందే లెక్క కట్టవచ్చన్న ఆలోచన తమలో ఎవరికీ తట్టలేదట. అలా ఆలోచించే మనిషే తమకి కావాలట. అందుకని ఉన్న ఒక్క చోటునీ ప్రొఫెసరుగారికే ఇస్తున్నారు, విజిటింగ్ సైంటిస్టుగా రెండేళ్లు. శిష్యురాలు అర్థం చేసుకోవాలని కోరారు.

సత్యశ్రీ ఆ మెయిల్‌ని గంటసేపు మళ్లీ మళ్లీ చదివింది. నెట్ సెంటర్ నడిపే ఏసురాజు వచ్చి ఏమైందండీ అని అడిగితే, గంట డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి బయటికొచ్చేసింది. ఎవరితో చెప్పుకోవాలి? ఏమని చెప్పుకోవాలి?

సాయంత్రం మాధవరాజు గారే ఫోన్ చేశారు. ఆయన సంతోషం పట్టలేకపోతున్నారు. ఖర్చులన్నీ వాళ్లవేనట. భార్య జానకీదేవి గారు అప్పుడే స్వెట్టర్ల కోసం బయల్దేరారట. నీకు రావాల్సింది నాకొచ్చిందేంటమ్మా అని కాసేపు నొచ్చుకున్నారు కూడా. సోమవారం జర్మనీవాళ్లు ఆయనతో ఫోన్లో మాట్లాడతారని చెప్పి, గొంతు బాగా తగ్గించారు.

"సంతకం పెట్టానే గానీ నేను చదవలేదు కదమ్మా, ఇంతకీ ఆ ఉత్తరంలో నువ్వేం రాశావు?"