మాత్రల కూత

"మళ్ల తడిసినయ్ సార్ నా లుంగీలు! మీ టాంకి నిండిందని మీకంటే ముందు నా లుంగీలకు తెలుస్తుంది!" గోడ అవతలి నుంచి పోశాలు అరిచాడు.

జనగామలో అందరూ నీళ్లు రాక పరేషాన్ అయితే, వరుణ్ నీళ్లు ఆగక పరేషాన్. మోటరు బంద్ చేసే డబ్బా బజార్లో దొరుకుతుంది. కానీ వీడియోలు చూసి ఇంజనీరైనవాడు కొనడు. ఆఫర్ ఉందని ఎప్పుడో జతగా కొన్న చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుల్లో ఒకటి సొరుగులో కనిపించింది. మామ వెంకట్రాంకి మాత్రలు గుర్తుచేసే డబ్బా కోసం రాసిన పాత కోడు లాప్‌టాప్‌లో ఉంది. మాత్రలు అన్నచోట టాంకి అని మార్చి బోర్డుకి ఎక్కించాడు. అంతే ఇంజనీరింగ్.

మోటరు బుద్ధిగా ఆగింది. పోశాలు లుంగీలు ఆరాయి. కానీ మర్నాడు తెల్లవారకముందే, టాంకి ఖాళీగా ఉండగానే, బోర్డు మూడుసార్లు పొడుగ్గా కూసింది.

మామకు చెవులు సరిగా వినపడవని వరుణ్ పెట్టిన కూత అది. మామ ఊరు కురవిలో అది మోగగానే ఆయన మాత్రల డబ్బాను కసిరేవాడు: "ఇంటున్న తియ్యి!"

ఆయన పోయి రెండు నెలలైంది. కళ్లద్దాలు, చేతికర్ర, ఆయన విడిచి ఉండలేనివన్నీ పాడె మీద పెట్టి సాగనంపింది అత్త రుక్మిణి. వాటితోపాటు వరుణ్ కొనిచ్చిన వాచీ కూడా పోయింది. మామ పోయినందుకు కూడా వరుణ్‌కి బాధగానే ఉంది.

అత్త ఇప్పుడు వీళ్ల దగ్గరే ఉంటోంది. కూత వినగానే లేచి, గోరువెచ్చని నీళ్ల గ్లాసు ఖాళీ కుర్చీ ముందు పెట్టసాగింది. పోనుపోను పగలంతా ఆ కుర్చీతోనే మాటలు. అన్నం ముట్టడం లేదు.

"మా అమ్మ నాకు దక్కేటట్టు లేదు. ఆ కూత బంద్ చెయ్యి" అంది వరుణ్ భార్య రజిత.

"కోడ్ల నేను ఏ టైమూ పెట్టలేదే!"

"పెట్టకుంటె ఎట్ల కూస్తుంది? మా నాయిన వచ్చి పెట్టిండా?"

వరుణ్ అదే కోడుని మహబూబాబాద్‌లోని దోస్తు ఉపేందర్‌కి పంపాడు. ఉపేందర్ తన కొత్త సాఫ్ట్‌వేర్‌తో తన బోర్డుకి ఎక్కించాడు. తెల్లవారినా కూత లేదు. వరుణ్ తన పాత సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ ఎక్కించాడు. కూసింది.

"నీ బోర్డు ముందు ఏమన్న పనికి వాడినవా?" ఫోన్లో అడిగాడు ఉపేందర్.

"మా మామ మాత్రల డబ్బలదే. కురవి నుంచి రజిత తెచ్చి సొరుగుల పెట్టినట్టుంది."

"గదే మరి! మాత్రల టైము దాని మెమరీల అట్లనే ఉన్నది. నా సాఫ్ట్‌వేర్ ఎక్కించే ముందు అంతా తుడుస్తది. నీది తుడువది. దయ్యం గాదురా, బద్ధకం."

వరుణ్‌కి ప్రాణం లేచొచ్చింది. బోర్డు ఊడదీసి తెచ్చి అత్త ముందు కూర్చున్నాడు.

"అత్తమ్మా, మామ మాత్రల టైము ఇంకా దీంట్లనే ఉన్నది. తుడిస్తె కూత ఆగుతది. గాని మామ గుర్తు గూడ పోతది. నువ్వు ఎట్లంటె అట్ల."

రజిత కళ్లు తుడుచుకుంది.

రుక్మిణి బోర్డుని అటూ ఇటూ తిప్పి చూసింది. అల్లుడితో నేరుగా మాట్లాడే అలవాటు లేక, కూతురి వైపు తిరిగింది.

"మీ నాయిన మాత్రల డబ్బ నేను పాడె మీదనే పెట్టి పంపిన బిడ్డా."