'లీ' అంటే మన 'గా'

"నడిపాడు అంటే సరిపోదు ఆంటీ. ఎలా నడిపాడో కూడా చెప్పాలి," అంది జెన్నిఫర్. "హి వాజ్ డ్రైవింగ్ స్లోలీ. అనండి."

"హి వాజ్ డ్రైవింగ్ స్లోలీ," అంది ఏసమ్మ.

శుక్రవారం ఆరాధన అయిపోయింది. చర్చి ఆవరణలో, గోడ నీడన ఇద్దరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. జెన్నిఫర్ జహ్రాలో నర్సు. కువైట్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఏసమ్మ మిష్రిఫ్‌లో ఒక విల్లాలో ఇంటిపని చేస్తుంది. ఇద్దరిదీ గోదావరి వైపే అయినా పరిచయం మాత్రం ఈమధ్యనే.

జైల్లో ఒక కుర్రాడున్నాడని, వాడి గురించి ఆఫీసరు ముందు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పాలని, నేర్పమని ఏసమ్మే వచ్చి అడిగింది.

"మీ అబ్బాయా ఆంటీ?" అంటే, "ఇరవై రెండేళ్ళండి," అని ఊరుకుంది. జెన్నిఫర్ ఇంక తవ్వలేదు.

"తర్జుమా చేసేవాళ్ళు ఉండరా అక్కడ?" అని మాత్రం అడిగింది.

"ఉన్నాడండి ఒకాయన. నేను అంతసేపు చెప్పిందంతా ఖలాస్ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ ఆఫీసరు గారికి ఇంగ్లీషు వచ్చంటండి. నా నోటితో నేనే చెప్పుకుంటాను."

ఆమె గొంతులో ఏడుపు లేదు. బట్టలు మడతపెట్టినట్టు ఒక్కో మాటా పేర్చి చెప్పింది.

అల్ రాయ్‌లో దుమ్ము లేచిన రోజు జరిగిందట. కుర్రాడు నడుపుతున్న వ్యాను, గ్యారేజీలోంచి బయటికొచ్చిన మనిషిని గుద్దింది.

"ది డస్ట్ కేమ్ సడన్లీ," అని అందించింది జెన్నిఫర్. "హి కుడ్ నాట్ సీ క్లియర్లీ."

ఏసమ్మ రెండూ పలికింది.

"ఈ లీ అంటే మన గానేనాండీ? నెమ్మదిగా, ఉన్నట్టుండిగా..."

జెన్నిఫర్‌కి నవ్వొచ్చింది. "అదే ఆంటీ. లీ అంటే మన గా."

"అయితే హి ఈజ్ యంగ్లీ."

"కాదు కాదు. ఎలా జరిగిందో చెప్పేటప్పుడే లీ. మనిషి ఎలాంటివాడో చెప్పేటప్పుడు మాట మామూలుగానే ఉంటుంది. ఎంత చిన్నవాడు అన్నది ముందు చెప్పాలి. వెరీ యంగ్."

"హి ఈజ్ వెరీ యంగ్."

"ఫాస్ట్‌కి కూడా లీ రాదు, గుర్తుంచుకోండి."

"ఆ ముక్క అక్కర్లేదులెండి. ఆడు ఫాస్ట్‌గా తోల్లేదు."

జెన్నిఫర్ కొంచెం తటపటాయించి అడిగింది. "మరి ఆ గుద్దుకున్న మనిషి?"

"పోయాడండి. అక్కడికక్కడే."

"హి డైడ్ ఇన్‌స్టంట్లీ."



"ఇన్‌స్టంట్లీ అంటే నొప్పి తెలీదాండీ?"

"తెలీదు ఆంటీ."

"మీరు నర్సు కదా. నిజంగా తెలీదా?"

"నిజంగానే తెలీదు."

"హి డైడ్ ఇన్‌స్టంట్లీ," అంది ఏసమ్మ. అడక్కుండానే మళ్ళీ అంది.

తర్వాత జెన్నిఫర్ 'డీప్లీ సారీ' నేర్పబోయింది. ఏసమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది నేను అనేది కాదండి. ఆడి సారీ ఆడే చెప్పుకుంటాడు."

బిడ్డ తప్పు ఒప్పుకోలేని తల్లి అనుకుంది జెన్నిఫర్. హాస్పిటల్లో అలాంటివాళ్ళని చూసింది. వాదించలేదు.

"చివర్లో మాత్రం క్షమాపణ ఉండాలి ఆంటీ. ప్లీజ్ ఫర్‌గివ్ హిమ్."

"పూర్తిగా అనాలంటే?"

"ఫర్‌గివ్ హిమ్ కంప్లీట్లీ. ముందు ప్లీజ్ మర్చిపోకండి. బతిమాలేటప్పుడు అదే ముఖ్యం."

ఏసమ్మ తలూపింది.

ఆ వారమంతా విల్లాలో నేల తుడుస్తూ, గిన్నెలు కడుగుతూ అవే వాక్యాలు గొణుక్కుంది. ఎవరితో మాట్లాడుతున్నావని ఇంటి యజమానురాలు మామా వచ్చి అడిగింది. ఎవరితోనూ కాదంది. వెళ్ళే రోజు సెలవు కావాలంటే, మామా ఏమీ అడక్కుండా తన డ్రైవర్‌ని కూడా ఇచ్చి పంపింది.

మాట మర్చిపోతే అందించడానికి జెన్నిఫర్ డ్యూటీ మార్చుకుని వచ్చింది.

జైలు ఆఫీసులో చిన్న గది. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆఫీసరు టేబుల్ వెనక కూర్చున్నాడు. కాసేపటికి కుర్రాణ్ణి బేడీలతో తెచ్చి గోడ దగ్గర నిలబెట్టారు. గడ్డం మాసింది. చొక్కా వదులైపోయింది. తలెత్తలేదు.

ఏసమ్మ వాణ్ణి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి మొదలుపెట్టింది.

"సర్, ది డస్ట్ కేమ్ సడన్లీ. హి వాజ్ డ్రైవింగ్ స్లోలీ. హి కుడ్ నాట్ సీ క్లియర్లీ."

ఒక్క తప్పు లేదు. జెన్నిఫర్ పక్కన పెదాలు కదుపుతూ ఉంది.

"హి ఈజ్ వెరీ యంగ్. సర్, సెండ్ హిమ్ హోమ్ సేఫ్లీ."

ఆఫీసరు ముందుకు వంగి వింటున్నాడు.

ఏసమ్మ ఊపిరి పీల్చుకుంది.

"ఐ ఫర్‌గివ్ హిమ్ కంప్లీట్లీ."

సరిగ్గా చివర్లో పొరపాటు పడింది అనుకుంది జెన్నిఫర్.

"ఐ కాదు ఆంటీ," అంది చెవిలో. "ప్లీజ్. ప్లీజ్ అనండి."

ఏసమ్మ ఇటు తిరగలేదు. అదే గొంతుతో, అంతే నెమ్మదిగా మళ్ళీ చెప్పింది.

"ఐ ఫర్‌గివ్ హిమ్ కంప్లీట్లీ."

జెన్నిఫర్ ఆఫీసరుకి సర్దిచెప్పబోయింది. ఆయన చేత్తోనే వారించి, కళ్ళజోడు తీసి, గోడ దగ్గరున్న కుర్రాడితో అరబ్బీలో అన్నాడు. హాస్పిటల్లో నేర్చుకున్న అరబ్బీ ఆ మాట అర్థం కావడానికి జెన్నిఫర్‌కి సరిపోయింది.

"తలెత్తి చూడు, నీ బండి కింద చనిపోయిన కుర్రాడి తల్లి నిన్ను క్షమించింది."