పొగమంచు పైన

బావ పలకడం లేదు.

"బావా, కింద నుంచి నేను. పలుకు!" బావమరిది వాకీటాకీని నోటికి ఆనించి నాలుగోసారి అరిచాడు. గరగర తప్ప జవాబు లేదు. తలెత్తి చూస్తే క్రేన్ మొదట్లో నాలుగు మెట్లు కనిపిస్తున్నాయి. ఆ పైనంతా పొగమంచే. ఆ మంచులో ఎక్కడో, ముప్పై అంతస్తుల ఎత్తున, క్రేన్ నడిపే గదిలో బావ ఒక్కడే ఉన్నాడు.

మంచు పట్టిన పొద్దుట పని ఆపేస్తారు. క్రేన్ నడిపే మనిషి మాత్రం దిగడు. పది నిమిషాలకోసారి కింద నుంచి పిలవాలి, పై నుంచి పలకాలి. ఇప్పటికి రెండు పదులు దాటాయి.

సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ బీపీ మాత్ర నీ చేతికిచ్చాను కదా, ఇచ్చావా?"

బావమరిది చొక్కా జేబు తడుముకున్నాడు. మాత్ర అక్కడే ఉంది.

"ఇచ్చానక్కా," అన్నాడు. చటుక్కున ఫోన్ పెట్టేశాడు.

ఇంజినీరు పరుగున వచ్చాడు. "ఏమైందయ్యా?"

"బావ పలకట్లేదు సార్."

"ఎవరో ఒకరు ఎక్కి చూడాలి," అని ఇంజినీరు చుట్టూ చూశాడు. ఆయన కట్టించేది ముప్పై అంతస్తులే గానీ, లిఫ్టు పెట్టేదాకా మూడోది దాటి ఎరగడు. బావమరిదీ ఏం తక్కువ కాదు. బల్బు మార్చాలంటే స్టూలు తను పట్టుకుని పెళ్ళాన్ని ఎక్కించే రకం.

అయినా వాకీటాకీ ఇంజినీరు చేతిలో పెట్టి నిచ్చెన పట్టుకున్నాడు.

"నీకు కళ్ళు తిరుగుతాయి కదయ్యా!"

"తిరగనివ్వండి సార్."

ఇనప మెట్లు చల్లగా, తడిగా ఉన్నాయి. కిందకి చూడలేదు. చూసినా ఏమీ కనపడదు, అదొక్కటే మేలు. వందో మెట్టు దగ్గర ఆగి నిచ్చెనని వాటేసుకున్నాడు. రెండువందలకి చేతులు తిమ్మిరెక్కాయి. అక్కకి ఏం చెప్పాలి? మాత్ర జేబులోనే ఉండిపోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? దేవుడా, మనిషి బతికుంటే చాలు.

చివరి పది మెట్లూ ఒక్క ఊపున ఎక్కి గది తలుపు లాగాడు.

బావ నిటారుగా కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. బుగ్గల మీద తడి.

"బావా!"

బావ తల తిప్పలేదు. వేలు మాత్రం ఎత్తి ఎదురుగా చూపించాడు.

బావమరిదికి ఒళ్ళు మండిపోయింది. "బతికే ఉన్నావా! మరి పలకవేం? ఇక్కడ నా ప్రాణాలు పోయాయి!"

"ముందు నిజంగానే నోరు పెగల్లేదురా. తర్వాత..." బావ నసిగాడు. "పలికితే నువ్వు ఎక్కవు కదా అనిపించింది."

తిట్టడానికి నోరు తెరిచిన బావమరిది ఆ వేలు చూపిన వైపు చూశాడు.

ఊరు లేదు. కంటికి ఆనినంత మేరా తెల్లటి మంచు సముద్రం, మెల్లగా కదులుతోంది. వెనక నుంచి ఎండ పడుతోంది. ఆ మంచు మీద క్రేన్ నీడ పొడుగ్గా పరుచుకుని ఉంది. ఆ నీడలో సరిగ్గా వాళ్ళ గది ఉన్నచోట, చుట్టూ గుండ్రంగా, నిండు ఇంద్రధనుస్సు. వాళ్ళ కాళ్ళకి చాలా కింద ఒక కొంగల బారు ఆ రంగుల్లోంచి ఎగిరి వెళ్ళింది.

బావమరిదికి తను ఎంత ఎత్తున ఉన్నాడో గుర్తే లేదు. తనెంత చిన్నవాడో మాత్రం తెలిసింది. ఎందుకో ఏడుపొచ్చింది. జేబులోంచి మాత్ర తీసి, చూపు తిప్పకుండానే బావ చేతిలో పెట్టాడు.

వాకీటాకీ గరగరలాడింది. ఇంజినీరు గొంతు. "హలో! ఇప్పుడు ఇద్దరూ పలకరేంటయ్యా? ఇక నేనే ఎక్కాలా ఏంటి?"

బావ జవాబివ్వబోయాడు. బావమరిది ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఉండు బావా, పలక్కు. ఆయన్ని కూడా ఎక్కనీ."