మాటల్లేని వీడియో

"ఫైర్‌స్టేషన్ వెబ్‌సైటు చేసింది ఎవరమ్మా?"

ఆఫీసు గుమ్మంలో నిలబడి అడిగాడొక పెద్దాయన. నల్ల కళ్లద్దాలు, చేతిలో తెల్లకర్ర. నిటారుగా ఉన్న ఇనుపమెట్లెక్కి వచ్చాడు, కాస్త ఆయాసపడుతున్నాడు.

"నేనే సార్," అంటూ కుర్చీలోంచి లేచింది ఆ అమ్మాయి.

ఆ మాట అనడం ఆమెకు ఆ రోజు ఎన్నోసారో. సైటు పొద్దున్నే మొదలైంది. ఆమె సొంతంగా చేసిన మొదటి పని అది. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషీ ఆమే. తాపీపని చేసే నాన్న, కడుతున్న గోడ వదిలేసి మరీ కనబడిన వాళ్లందరికీ ఫోనులో చూపిస్తున్నాడట.

"నీ మొదటి అభిమాని వచ్చాడు, కాఫీ ఇప్పించు," పక్క సీటులోంచి గొణిగాడు డిజైనర్.

"నా చెవులు బాగానే పనిచేస్తాయి బాబూ. చక్కెర వద్దని చెప్పు," అన్నాడు పెద్దాయన.

డిజైనర్ నాలిక్కరుచుకున్నాడు.

పెద్దాయన కుర్చీ తడుముకుని కూర్చున్నాడు.

"తెర మీద ఉన్నదంతా నా ఫోను చదివి వినిపిస్తుందమ్మా. మీ సైటు చక్కగా చదివింది, కింద ఉన్న మీ చిరునామాతో సహా. వీడియో దగ్గరికొచ్చేసరికి మాత్రం 'బటన్, బటన్, బటన్' అని దానికి నత్తి పట్టుకుంది. ఏది నొక్కాలో తెలీక అన్నీ నొక్కాను. చివరికి సంగీతం వినబడింది. అంతే."

"అందులో మాటల్లేవు సార్. ఎప్పటిదో పాత వీడియో. అందుకే సంగీతం పెట్టాం."

"సంగీతం బాగుంది. ఇంతకీ వీడియోలో ఏముంది?"

ఆమె గడియారం వైపు చూసింది. మేనేజర్ ఇంకో సైటు సాయంత్రానికల్లా కావాలన్నాడు.

"మంటలంటుకున్న మేడ సార్. పొగ. ఫైర్‌మన్ ఒకాయన పాపని ఎత్తుకుని నిచ్చెన దిగుతాడు."

"పాప ఎలా ఉంటుంది?"

"చిన్నపిల్ల సార్."

"అది కాదమ్మా. ముఖం ఎలా ఉంటుంది?"

"ఏడుస్తుంటుంది సార్," అనేసింది. మంటల్లోంచి బయటికొచ్చిన పిల్ల ఏడవక ఏం చేస్తుంది?

పెద్దాయన ముఖం వాడిపోయింది.

"అవున్లే. ఎంత హడలిపోయిందో పాపం," అన్నాడు తనలో తాను అనుకున్నట్టు.

కాఫీ తాగి లేచాడు.

"నాలాంటి వాళ్లు చాలామందే వింటారు తల్లీ. అందులో ఏం జరుగుతోందో నాలుగు మాటల్లో చెప్పించు. ఆ బటన్లకి కూడా పేర్లు పెట్టు. పేరు లేనివాణ్ణి ఏమని పిలుస్తాం?"

"ఇవాళే పెడతాను సార్."

"అయితే రేపు పొద్దున వింటాను."

ఆమె మెట్ల దాకా వెంట వచ్చింది. అక్కడ పెద్దాయన కర్ర మడిచి సంచిలో పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగాడు. ముఖం మెట్ల వైపే ఉంచి, ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, కుడిచెయ్యి గుండెలకి ఆనించుకుని, ఒక్కో మెట్టునీ కాలివేళ్లతో తట్టి చూసుకుంటూ దిగసాగాడు.

"పడతారు సార్! మామూలుగా దిగండి, నేను పట్టుకుంటాను."

"ఇట్లా అయితే పడను తల్లీ. పాత అలవాటు."

"నీ అభిమాని రివర్స్ గేరులో వెళ్లాడేంటి?" అన్నాడు డిజైనర్, ఆమె లోపలికి రాగానే.

ఆమెకీ నవ్వొచ్చింది.

ముందు బటన్లకి పేర్లు పెట్టింది. ఆడించు. ఆపు. శబ్దం. కళ్లు మూసుకుని ఫోనుతో చదివించుకుంది. ఈసారి ఫోను తడబడలేదు.

ఇక వీడియోలో ఏముందో చెప్పాలి. తన గొంతుతోనే చెబుదామని మైకు దగ్గరికి లాక్కుంది.

ఆ వీడియోని ఆమె ఎన్నిసార్లు ఆడించిందో లెక్కలేదు. చిన్న ఫోనులో పడుతుందా, ఆగకుండా ఆడుతుందా, అంచులు తెగుతున్నాయా, ఇవే చూసుకుంది. అందులోని మనుషుల్ని చూడనే లేదని ఇప్పుడే తెలిసింది.

కొంచెం ఆడించి ఆపుతూ, చూసింది చూసినట్టు చెప్పసాగింది.

"మేడ కిటికీలోంచి నల్లటి పొగ. గోడకి నిచ్చెన. ఫైర్‌మన్ దిగుతున్నాడు. ముఖం నిచ్చెన వైపు ఉంది. ఎడమచేత్తో నిచ్చెన పట్టుకున్నాడు. కుడిచేత్తో పాపని గుండెలకి ఆనించుకున్నాడు. ఒక్కో మెట్టునీ కాలివేళ్లతో తట్టి చూసుకుంటూ..."

చెప్పడం ఆపి, తలుపు బయటి ఇనుపమెట్ల వైపు చూసింది.

వీడియో మాత్రం ఆగలేదు. ఫైర్‌మన్ నేల మీదికి దిగి ఇటు తిరిగాడు. ముఖమంతా మసి. కళ్లు రెండూ కాలి మూసుకుపోయి ఉన్నాయి.

ఆమె ఒక్క ఉదుటున మెట్ల దగ్గరికి పరిగెత్తింది. మెట్లు ఖాళీ. వీధి చివర బస్సు మలుపు తిరిగిపోయింది.

"ఏమైంది?" కంగారుగా అడిగాడు డిజైనర్.

ఆమె లోపలికొచ్చింది. కళ్లు తుడుచుకుని మళ్లీ మైకు ముందు కూర్చుంది. పాప ముఖాన్ని మొదటిసారి తెరనిండా పెద్దది చేసి చూసింది.

రేపు పొద్దున వింటానన్నాడు.

పొద్దుట్నుంచీ "నేనే" అని చెప్పుకున్నప్పుడు కూడా రానంత గర్వం ఆమె గొంతులో పలికింది.

"పాప ఏడవడం లేదు సార్... మసి పట్టిన మీ ముఖం చూసి నవ్వుతోంది."